ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతోంది?

కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి వాళ్ళు కలిసినప్పుడల్లా నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మేడం, శిక్షణలో చదివిన మనస్తత్వశాస్త్రం, పిల్లల వికాసం మీద ఆ సిద్ధాంతాలు, అవి తరగతి గదిలో ఎప్పుడైనా పనికొచ్చాయా?" అని. చాలాకాలం నవ్వి ఊరుకునేదాన్ని. ఎవరు ఏం చెప్పారో జతపరచమంటే నేనూ జతపరిచాను. మార్కులు వచ్చాయి, ఉద్యోగం వచ్చింది, అంతటితో మరిచిపోయాను. వాటితో నిజంగా పని పడింది రిటైరవడానికి కొద్దికాలం ముందు, మాచర్లలో. అదీ ఒక ఆడపిల్ల గొణుగుడు వల్ల.

ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. పిల్ల పేరు రాయకపోవడానికి కారణం మీకే తెలుస్తుంది. పండితుల పేర్లు మాత్రం మీకు కంఠతా వచ్చు. వాళ్ళు చెప్పిన మాటలే మరిచిపోయి ఉంటారు.

మా బడి రైల్వే స్టేషను వెనక వీధుల్లో ఉండేది. మెకానిక్కుల పిల్లలు, మిరపకాయల కోతకు వెళ్ళే కూలీల పిల్లలు, చిన్న చిన్న కొట్లవాళ్ళ పిల్లలు వచ్చేవాళ్ళు. మేం ముగ్గురం టీచర్లం. హెడ్మాస్టారిది స్టేషను దాకా వినిపించే గొంతు. కోపం కూడా గొంతంతే ఉండేది గానీ, పూటకు మించి నిలిచేది కాదు. రెండో ఆయన ఈపూరు వైపు నుంచి వచ్చిన కుర్ర మాస్టారు. హైస్కూలు పోస్టు కోసం పరీక్షకు చదువుకుంటూ, అన్నం తినేటప్పుడు కూడా టిఫిన్ బాక్సు పక్కన గైడు తెరిచి పెట్టుకునేవాడు. మూడో మనిషిని నేను.

ఆ పిల్ల నా మూడో తరగతిలో ఉండేది. తండ్రి బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. పలక ముందు పెట్టుకుంటే చాలు, పెదవులు కదలడం మొదలయ్యేది. అది మెల్లిగా కూడా కాదు, పక్క వరుస దాకా వినిపించేది. ఒక మాట అడుగుతున్నట్టు, ఒక మాట జవాబు చెబుతున్నట్టు, మధ్యలో ఒక చిన్న కసురు. పిల్లలు ఆమెకు "రేడియో" అని పేరు పెట్టారు. ఆమె లెక్క మొదలుపెట్టగానే ఎవరో ఒకరు చెవి మెలేసినట్టు అభినయించి, "రేడియో ఆపవే!" అనేవాళ్ళు. తరగతంతా నవ్వేది. ఆ పిల్ల తలెత్తి చూసేది, ఎందుకు నవ్వుతున్నారో అర్థం కానట్టు. మళ్ళీ గొణుగుడు.

హెడ్మాస్టారు ఒకరోజు నా తరగతిలోకి వచ్చి కాసేపు విన్నారు.

"ఏందే ఆ సణుగుడు? నోరు మూసుకొని చెయ్యలేవా?"

పిల్ల బిక్కచచ్చిపోయింది. ఆయనకే జాలేసినట్టుంది, తిట్టడం మానేసి ఇంకో దారి పట్టారు. గోడకు ఒక చార్టు అంటించారు. మాట్లాడకుండా లెక్క చేసినవాళ్ళ పేరు పక్కన రంగు కాగితం నక్షత్రం. వారం తిరక్కుండానే ఆ పిల్ల పేరు పక్కన నక్షత్రాలు మొదలయ్యాయి. పెదవులు బిగపట్టుకుని కూర్చునేది.

"చూశారా అమ్మా," అన్నారు మధ్యాహ్నం అన్నాల దగ్గర. "ఎలుక మీట నొక్కితే గింజ పడుద్ది. పడిందా, మళ్ళీ నొక్కుద్ది. పడకపోతే మానేసుద్ది. అమెరికా ఆయన చెప్పింది ఇదే గదా. బుర్ర లోపల ఏముందో మనకెందుకు? బయటికి ఏం చేస్తన్నారో అది చూసుకుంటే చాలు."

"మన పిల్లలు ఎలుకలా సార్?" అన్నాడు కుర్ర మాస్టారు.

"ఎలుకలే నయం. తొందరగా నేర్చుకుంటయ్."

నవ్వుకున్నాం. కానీ నాకు లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే నోరు మూసిన దగ్గర్నుంచి ఆ పిల్ల లెక్కలు పూర్తిగా చెడిపోయాయి. అంతకుముందు కూడా తప్పులుండేవి గానీ, ఆ తప్పులకు ఒక వరస ఉన్నట్టు అనిపించేది. ఇప్పుడు ఏ అంకె తోస్తే ఆ అంకె వేసి పలక తిప్పి ఇచ్చేస్తోంది.

ఆ మాటే చెప్పాను. కుర్ర మాస్టారు గైడు మూసి ఉత్సాహంగా మొదలుపెట్టాడు.

"మేడం, అసలు తొందర మనది. చిన్నపిల్లలు ఎదుటివాళ్ళ వైపు నుంచి చూడలేరు. ఎవరు వింటున్నారు, ఎవరు వినట్లేదు అన్న ధ్యాస ఉండదు కాబట్టే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. వయసొస్తే ఆ గొణుగుడు దానంతటదే రాలిపోతుంది. స్విట్జర్లాండ్ పండితుడు చెప్పింది అదే. పిల్లలు ఒక్కో మెట్టూ వాళ్ళే ఎక్కాలి. ఈ పిల్ల ఇంకా కింది మెట్టు మీదుంది. అప్పు తెచ్చుకునే తీసివేతలు ఇప్పుడే పెట్టకండి."

"కింది మెట్టు మీదుందని ఎట్టా తెలిసింది నీకు?" అన్నారు హెడ్మాస్టారు.

"పరీక్ష పెడదాం సార్."

ఎదురుగా ఉన్న టీ కొట్టు నుంచి ఒకేలాంటి రెండు గాజు గ్లాసులు తెచ్చాడు. రెండింట్లోనూ సమంగా నీళ్ళు పోశాడు. తర్వాత ఒక గ్లాసులో నీళ్ళు నా వెడల్పు టిఫిన్ బాక్సులోకి వంచాడు. బాక్సులో నీళ్ళు అడుగునే పల్చగా పరుచుకున్నాయి. చిన్నపిల్లలైతే గ్లాసులోనే ఎక్కువున్నాయంటారు, ఎత్తుగా కనిపిస్తాయి కాబట్టి. పిల్లను పిలిచి అడిగాడు. ఆమె ముందు నా వైపు చూసింది. చార్టు ఇక్కడ లేదని ధైర్యం వచ్చిందేమో, పెదవులు కదిలించి ఏదో అనుకుంది.

"రెండూ ఒకటే సార్."

"ఎట్టా?"

"మీరు కొంచెం గూడా కింద పొయ్యలేదు గదా."

కుర్ర మాస్టారు మొహం చూడాలి. పిల్ల గెలిచినందుకు సంతోషం, తన మాట వీగినందుకు చిక్కు, రెండూ కలిసి. "ఆ మెట్టు దాటేసింది మేడం. మరి గొణుగుడు ఎందుకు పోలేదు?" అన్నాడు. ఆ అడగడంలో దాపరికం లేదు. అతనిలో నాకు నచ్చింది అదే. తన సిద్ధాంతం కంటే పిల్ల మీద ఆసక్తి ఎక్కువ.

గైడు మళ్ళీ తెరిచాడు. రెండు పేజీల అవతల ఒక రష్యా పండితుడి గురించి నాలుగు ముక్కలున్నాయి, అవీ బిట్లకు పనికొచ్చే మేరకే. మేం ముగ్గురం తలలు దగ్గర పెట్టి చదివాం. ఆయన చెప్పేదాని సారాంశం ఇది. పిల్లల ఆలోచన ముందు ఇద్దరు మనుషుల మధ్య నడుస్తుంది. పెద్దవాళ్ళెవరో పక్కనుండి అడుగుతారు, ఆపుతారు, సరిదిద్దుతారు. తర్వాత పిల్ల ఒంటరిగా అదే పని చేయాల్సొచ్చినప్పుడు ఆ మాటల్ని వెంట తెచ్చుకుని పైకే అనుకుంటుంది. కొన్నాళ్ళకు అవి లోపలికి వెళ్ళి ఆలోచనగా మారతాయి. అంటే, గొణుగుడు చెడ్డ అలవాటు కాదు, పసితనమూ కాదు. అది పని చేస్తున్న ఆలోచన.

"అదే నిజమైతే," అన్నాను, "ఆ పిల్ల వెంట తెచ్చుకున్న మాటలు ఎవరివి?"

మా ముగ్గురిలో ఎవరమూ అంతవరకూ ఆ గొణుగుడులో ఏముందో విననే లేదు. ఆపాలా, వదిలేయాలా అని మాత్రమే కొట్లాడుకున్నాం.

మర్నాడు పిల్లను వరండాలోకి తీసుకెళ్ళి, పలక మీద ముప్పై రెండులోంచి పదిహేను తీసేయమని రాసిచ్చాను. "ఇక్కడ ఎంత గట్టిగా మాట్లాడుకున్నా పర్లేదే," అన్నాను. కాసేపు నమ్మలేదు. నేను పక్కకు తిరిగి చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నట్టు కూర్చున్నాక మొదలుపెట్టింది. నేను నరసరావుపేటలో ముస్లింల ఇళ్ళ మధ్య పెరిగినదాన్ని. ఆ ఉర్దూ నాకు బాగానే అర్థమవుతుంది.

"ఠైర్. జల్దీ నక్కో," అని ముసలి గొంతు పెట్టి తనను తనే ఆపుకుంది. ఆగు, తొందరొద్దు అని. రెండులోంచి అయిదు పోతాయా? పోవు. పోకపోతే ఏం చెయ్యాలి? కట్ట విప్పాలి. విప్పు మరి. చూసి విప్పు, పగులుతాయి. ఇప్పుడు ఫిర్ సే గిన్, మళ్ళీ లెక్కపెట్టు.

లెక్కపెట్టి పలక మీద పంతొమ్మిది వేసింది. పదిహేడు రావాలి. ఇంకో లెక్క ఇచ్చాను. ఇరవై అయిదు రావాల్సిన చోట ఇరవై ఏడు వేసింది. రెండుసార్లూ సరిగ్గా రెండు ఎక్కువ.

"కట్ట అంటే ఏందే?"

"గాజుల కట్ట టీచర్. మా దాదీ, నాయనమ్మ, బండి మీద అమ్మేది. నేను ఇడిగాజులు లెక్కపెట్టేదాన్ని. తక్కువైతే కట్ట ఇప్పేది."

"కట్టలో ఎన్నుంటయ్?"

ఇంత తెలియదా అన్నట్టు చూసింది. "డజను."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నేను పిల్లలందరికీ పుల్లల కట్టలతోనే అప్పు తెచ్చుకోవడం నేర్పాను. పది పుల్లలు ఒక కట్ట. ఈ పిల్ల నా మాట వినలేదని కాదు. నాకంటే ముందు ఇంకొకామె ఆ పాఠం చెప్పేసింది, చాలా చక్కగా చెప్పింది. ఆ పాఠంలో కట్టకు పన్నెండు.

"మీ దాదీ బండి మీద డజను. బడిలో మాత్రం కట్టకు పదే. సరేనా?"

నవ్వింది. అయిదు నిమిషాల్లో లెక్కలన్నీ సరి చేసుకుంది. గొణుగుడులో ఒక ముక్క కొత్తగా చేరింది, అంతే. బండి మీద బారా, బడిలో దస్.

"మీ దాదీ ఇప్పుడు బండి పెట్టట్లేదా?" అని అడిగాను.

"చచ్చిపోయింది టీచర్," అంది, తలెత్తకుండా ఇంకో లెక్క చేసుకుంటూనే.

నేనీ సంగతి స్టాఫ్ రూములో చెప్పి ముగ్గురం మురిసిపోయిన రెండ్రోజులకే ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. బురఖా ముసుగు వెనక్కి తీసి, గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, పిల్లని ఇంక బడికి పంపియ్యం. పేరు కొట్టేయండి."

"ఏమైందమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంటికి రాంగానే మొదలుపెడుద్ది. నీళ్ళు పట్టుకుంటా, గిన్నెలు సర్దుకుంటా, ఒకటే మాటలు. మా అత్తలాగా మాట్టాడతంది. అదే గొంతు, అదే కసురు. ఇదివరకు ఇంత లేదు, ఇప్పుడు చానా ఎక్కువైంది. ఇరుగుపొరుగోళ్ళు ముసలామె పిల్లని పట్టుకుందంటన్నారు. తావీజు కట్టించినం. తగ్గలా. బడికి పొయ్యేదారిలో ఏడో దిగదుడుపు తొక్కింది అంటన్నారు. ఆయన గురజాలలో వాళ్ళక్క దగ్గిరికి పంపిచ్చేద్దాం అంటన్నాడు."

"అక్కడ బడిలో వేస్తారా?"

ఆ ఇంట్లో ఆడపిల్ల ఒకసారి బడి మానితే మళ్ళీ చేరదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమ్మకం, భయం, పిల్ల మీద ప్రేమ, అన్నీ కలగలిసి ఉన్న మనిషితో వాదించి లాభం లేదు. పైగా రష్యా పండితుడు ఇలా అన్నాడు అని ఆమెకు ఏమని చెప్పను?

"రేపు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక మీరిద్దరూ ఒక్కసారి బడికి రండి. తరగతిలో కూర్చుని చూడండి. ఆ తర్వాత కూడా మానిపిస్తామంటే నేను అడ్డం చెప్పను," అన్నాను.

ఆమె వెళ్ళాక ఆ మాటలన్నీ హెడ్మాస్టారికి చెప్పాను. "బడిలో నోరు కుట్టేశాం. ఇంటికి పోయి మాట్టాడుకుంటంది," అన్నారు. లేచి వెళ్ళి చార్టు పీకేశారు.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు. తండ్రి పొట్టిగా దృఢంగా ఉన్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. వెనక బల్ల మీద కూర్చున్నారు. హెడ్మాస్టారు, కుర్ర మాస్టారు తలుపు పక్కన నిలబడ్డారు. నా పథకం చాలా తేలిక. పిల్ల గొణుక్కుంటూ లెక్క సరిగ్గా చేస్తుంది, అందులో ఉన్నది పాఠమేనని తల్లిదండ్రులు చూస్తారు. బోర్డు మీద తీసివేతలు రాసి, "చేసుకోండి, మాట్లాడుకున్నా పర్లేదు," అన్నాను.

ఆ పిల్ల వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. పెదవులు బిగించేసింది. బలపం పలక మీద కదలలేదు. మిగతా పిల్లలు కూడా పెద్దవాళ్ళంతా చూస్తున్నారని గమ్మున ఉన్నారు. నా పాతికేళ్ళ పైబడిన సర్వీసులో ఏ తరగతీ అంత నిశ్శబ్దంగా లేదు. తల్లి ముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకుంటోంది. తండ్రి లేవడానికన్నట్టు మోకాళ్ళ మీద చేతులు పెట్టాడు.

అప్పుడు కుర్ర మాస్టారు గబగబా బోర్డు దగ్గరికి వచ్చాడు. సుద్దముక్క తీసుకుని పిల్లలకు వీపు పెట్టి, తనలో తను అనుకుంటున్నట్టు పైకే మొదలుపెట్టాడు.

"ఒకటిలోంచి ఆరు... పోదురా నాయనా. అప్పు తెచ్చుకో. ఎవర్నడుగుతావ్? పక్కింటి నాలుగునడుగు. ఇచ్చాడు. ఇప్పుడు మూడయ్యాడు పాపం..."

పిల్లలు కిసుక్కుమన్నారు. "మీరూ అట్టాగే చెయ్యండి. గట్టిగా. ఎవరూ ఎవర్నీ చూసి నవ్వకూడదు," అన్నాను.

ముందు ఒక గొంతు, తర్వాత రెండు, ఆ తర్వాత గదంతా గొణుగుడే. నేను వరసల మధ్య నడుస్తూ విన్నాను. ట్రాక్టరు తోలే ఆయన కొడుకు, "మెల్లిగా, మెల్లిగా, ఎనక్కి రా, ఆపు, ఆపు!" అంటూ అంకెలు దించుతున్నాడు. ఇంకో పిల్ల అచ్చం నాలాగే, "ఊఁ, తర్వాత?" అంటోంది. ముందు వరసలో ఒక బక్కపిల్ల చెయ్యెత్తి తన పలకనే బెదిరిస్తోంది. "ఏందిరా ఇది? బుర్రుందా నీకు? మళ్ళీ చెయ్!"

తలుపు దగ్గర హెడ్మాస్టారి మొహం ఎర్రబడింది. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ సందడిలో మా పిల్ల పెదవులు విడిపోయాయి. "ఠైర్. జల్దీ నక్కో." నేను తల్లిదండ్రుల్ని సైగ చేసి పిలిచాను. ఇద్దరూ పిల్ల వెనక నిలబడి విన్నారు. కట్ట విప్పు. చూసి విప్పు, పగులుతాయి. బండి మీద బారా, బడిలో దస్. ఫిర్ సే గిన్. బలపం ఆగకుండా నడుస్తోంది. జవాబులన్నీ సరిగ్గా వస్తున్నాయి.

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా అత్త ఇట్టాగే అనేది," అంది. "నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు గాజులు కట్టలు కట్టడం నాగ్గూడా ఇట్టాగే చెప్పింది."

"పిల్లకు లెక్కలు మొదట నేర్పింది ఆవిడేనమ్మా," అన్నాను. "పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలు పిల్ల దగ్గరుండిపోయాయి. ఒంటరిగా చెయ్యాల్సొచ్చినప్పుడు వాటిని తెచ్చుకుంటోంది. చూడండి, ఇలాంటి మాటలు ఈ గదిలో ఎవరి దగ్గర లేవు?"

తండ్రి పిల్ల పలక కేసే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకది తల్లి గొంతు.

"నేను మోటారు ఇప్పేటప్పుడు అంటా టీచరమ్మా. 'ముందు కరెంటు తియ్యరా గాడిదా' అని. మా ఉస్తాదు తిట్టేవాడు అట్టా. ఆయన పోయి చానా ఏళ్ళయింది. ఇప్పటికీ అనకుండా చెయ్యి పెట్టను. నన్నెవరూ పట్టలేదు గదా."

భార్య వైపు తిరిగి ఉర్దూలో, పిల్ల రేపు కూడా బడికొస్తుంది అన్నాడు. వెళ్తూ వెళ్తూ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. పిల్ల లెక్కలోంచి తలెత్తలేదు.

సాయంత్రం ముగ్గురం టీ తాగుతూ కూర్చున్నాం. ఏ పండితుడు గెలిచాడన్న చర్చ వచ్చింది. కుర్ర మాస్టారు రష్యా ఆయనకు ఓటేశాడు. నాకు మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. హెడ్మాస్టారి నక్షత్రాలు పనిచేయలేదని ఎలా అంటాం? బ్రహ్మాండంగా పనిచేశాయి. నిశ్శబ్దానికి బహుమతి ఇచ్చారు, నిశ్శబ్దం వచ్చింది. "నేను అడిగిందే తప్పు," అని ఆయనే అన్నారు. గ్లాసుల పరీక్ష పెట్టకపోతే, ఆ పిల్ల తనంతట తాను ఎంత దూరం ఆలోచించగలదో మాకు తెలిసేది కాదు. స్విట్జర్లాండ్ పండితుడు పిల్ల మాటకు విలువిచ్చి 'ఎట్టా?' అని అడగడం నేర్పాడు. నన్ను వరండాలో కూర్చోబెట్టింది మాత్రం రష్యా ఆయనే. కాకపోతే, కట్టకు పన్నెండని ఆ ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు. అది పిల్ల చెబితేనే తెలిసింది.

మీకు చెప్పదలుచుకుంది కూడా అదే. సిద్ధాంతాలు చదవండి, ఒకదానితో ఒకటి పోట్లాట పెట్టండి. పోట్లాట ఎక్కడ తేలకుండా ఆగుతుందో అక్కడికి వెళ్ళి పిల్ల పక్కన కూర్చోండి.

మరుసటేడు ఆ పిల్ల నాలుగో తరగతికి, కుర్ర మాస్టారి దగ్గరికి వెళ్ళింది. దసరా సెలవులు అయ్యేసరికి గొణుగుడు గుసగుస అయింది. ఆ తర్వాత పెదవులు మాత్రం కదిలేవి. ఎండాకాలం వచ్చేసరికి అదీ లేదు. తల వంచుకుని నిశ్శబ్దంగా, చకచకా చేసేస్తోంది. మా ఇద్దరికీ మళ్ళీ వాదం మొదలైంది. "స్విట్జర్లాండ్ ఆయన చెప్పినట్టు రాలిపోయింది మేడం," అని అతను నన్ను ఉడికించేవాడు. లోపలికి వెళ్ళిందని నేను. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఏది నిజమో తెలుసుకోవాలని నాకు ఎంత తపనగా ఉండేదో చెప్పలేను.

ఆఖరికి ఒకరోజు ఇంటర్వెల్‌లో పిల్లనే పిలిచాం.

"ఇదివరకు లెక్క చేసేటప్పుడు మాట్టాడుకునేదానివి గదా. ఆ మాటలు పోయినయ్యా?" అని అడిగాను.

"పోలా టీచర్. ఉన్నయ్."

"మరి వినపడట్లేదేం?"

"గట్టిగా అనక్కర్లా ఇప్పుడు. మెల్లిగా అన్నా తెలుసుద్ది."

కుర్ర మాస్టారు ముందుకు వంగాడు. "ఎవరంటారు? మీ దాదీనా?"

పెద్దవాళ్ళు ఒక్కోసారి ఎంత వెర్రి ప్రశ్నలు వేస్తారో అన్నట్టు ఆ పిల్ల అతన్ని జాలిగా చూసింది.

"దాదీ చచ్చిపోయింది గదా సార్," అంది. "నేనే."